పాత మారుతి ఎస్టీమ్ కారు (2004) – ఇంజిన్ వేడెక్కినా ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 1700 ఆర్పీఎం నుంచి కిందకి దిగట్లేదు, పార్టులు మార్చేముందు ఏం చూడాలి?

బెజవాడ_ఎస్టీమ్
అందరికీ నమస్కారం. బండి 2004 ఎస్టీమ్, పెట్రోల్, 1.3 లీటర్ 16 వాల్వ్ ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టే) ఇంజిన్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారు కొత్తది కొన్నారు, ఇప్పటికీ ఆయనే నడుపుతారు, అమ్మే ఆలోచన లేదు.

మూడు నెలల క్రితం సిగ్నల్ దగ్గర ఆగితే ఎవరో యాక్సిలరేటర్ తొక్కి వదులుతున్నట్టు ఆర్పీఎం ముల్లు 1000 కి 1800 కి మధ్య పైకి కిందకి ఊగేది. మా వీధిలో మెకానిక్‌కి చూపిస్తే థ్రోటల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి పోయే దారిని ప్లేటుతో తెరిచి మూసే భాగం) విప్పి క్లీన్ చేసి, ఏదో స్క్రూ తిప్పి ఇచ్చాడు. ఊగడం అయితే ఆగింది కానీ అప్పట్నుంచి 1700 దగ్గర అలాగే నిలబడిపోతోంది, పావుగంట నడిపి బాగా వేడెక్కాక కూడా అంతే. మైలేజీ 15 వచ్చేది, ఇప్పుడు 11. అసలు భయం ఏంటంటే నాన్నకి 68 ఏళ్లు, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో క్లచ్ కొంచెం వదలగానే బండి ముందుకి దూకుతోంది, ఆయన మొత్తం బ్రేక్ మీదే నడపాల్సి వస్తోంది.

తర్వాత ఇంకో ఇద్దరికి చూపించాను. ఒకాయన ఐఏసీ మోటార్ (ఐడిల్‌లో ఇంజిన్‌కి గాలి సర్దేది) పోయింది మార్చాలి అన్నాడు, రెండో ఆయన ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పోయింది అన్నాడు. ఎవరూ ఏదీ టెస్ట్ చెయ్యలేదు. చవక బ్లూటూత్ స్కానర్ కొని పెట్టి చూశాను, ఈ బండికి కనెక్ట్ అవ్వలేదు. డబ్బులు పెట్టేముందు ఏం చూడాలో చెప్పండి ప్లీజ్, మల్టీమీటర్ ఉంది, చిన్న చిన్న పనులు చేసుకోగలను.

ఆటోనగర్_అబ్బాయ్
నమస్తే అండి. నేను ఇదే పనిలో 22 ఏళ్ల నుంచి ఉన్నాను. ఈసీయూ అన్న మాట పక్కన పెట్టేయండి, అది చివరి అనుమానం అవ్వాలి, మొదటిది కాదు.

పెట్రోల్ ఇంజిన్‌లో రేస్ పెరిగిందంటే ఎక్కడో ఒక చోట నుంచి గాలి ఎక్కువ పోతోందని అర్థం, అంతకన్నా వేరే ఏమీ లేదు. ఆ గాలి పోవడానికి దారులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. థ్రోటల్ ప్లేటు పూర్తిగా మూసుకోకపోవడం (కేబుల్ టైట్ గానీ, స్క్రూ గానీ, మసి పట్టి ఇరుక్కోవడం గానీ), ఐఏసీ తెరుచుకుని ఉండిపోవడం, లేదంటే థ్రోటల్ తర్వాత ఎక్కడైనా పైపో గ్యాస్కెట్టో చిరిగి గాలి పట్టేయడం. ఇంకొకటి, కూలంట్ టెంపరేచర్ సెన్సార్ తప్పు చెప్పి ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీయూ అనుకుంటే, అదే కావాలని ఐఏసీ తెరుస్తుంది. అప్పుడు ఐఏసీ మంచిదే, మార్చినా ఏం లాభం ఉండదు.

ఇవి చెప్పండి:
పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఎంత ఉంటోంది? ఏసీ వేస్తే ముల్లు పెరుగుతుందా తగ్గుతుందా? యాక్సిలరేటర్ కేబుల్ చేత్తో పట్టుకుంటే కొంచెమైనా లూజు ఉందా? ఆయన తిప్పిన స్క్రూ ఎక్కడిది, థ్రోటల్ లీవర్ ఆనుకునే దగ్గరదా? రేడియేటర్‌లో నీళ్లు (డబ్బాలో కాదు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి) ఫుల్‌గా ఉన్నాయా?

వరంగల్_800
అన్నా నా దగ్గర కార్బురేటర్ 800 ఉంది, గదానికి కూడా ఒకసారి ఇట్లనే అయింది. డాష్‌బోర్డ్ కాడ చోక్ లాగి మళ్ల లోపలికి నూకినా కేబుల్ తుప్పు పట్టి మొత్తం వెనక్కి పోతలేదు, చోక్ సగం మీదనే నడిచింది పది రోజులు, పెట్రోల్ తాగింది తాగినట్టే. కేబుల్ మార్చినంక సెట్ అయింది. మీది ఎంపీఎఫ్‌ఐ కాబట్టి చోక్ ఉండదు కానీ యాక్సిలరేటర్ కేబుల్ మాత్రం ఉంటది, ముందు గది చూడుండ్రి, పైసా ఖర్చు లేదు.

బెజవాడ_ఎస్టీమ్
థాంక్స్ అండి ఇద్దరికీ. సాయంత్రం చూశాను. చల్లగా స్టార్ట్ చేస్తే 2000 పైనే, నాలుగైదు నిమిషాల్లో 1700 కి వచ్చి ఆగిపోతుంది. ఏసీ వేస్తే 1550 కి పడి అక్కడే ఉంటుంది, పెరగట్లేదు. కేబుల్‌కి లూజు ఉంది, ఓ మూడు నాలుగు మిల్లీమీటర్లు. స్క్రూ మీరు చెప్పినదే, లీవర్ వచ్చి ఆనుకునే చోటు, దాని మీద పసుపు పెయింట్ చుక్క ఉంది, అది పగిలిపోయి ఉంది. రేడియేటర్ నీళ్లు రేపు పొద్దున చూస్తాను, ఇప్పుడు వేడిగా ఉంది.

ఆటోనగర్_అబ్బాయ్
పెయింట్ పగిలిందంటే అది కదిపాడని ఖాయం. కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోకండి, ఇది అర్థమైతే మిగతాదంతా మీరే పట్టేస్తారు.

ఆ స్క్రూ ఐడిల్ అడ్జస్ట్ చేసుకోవడానికి పెట్టింది కాదు. థ్రోటల్ ప్లేటు మూసుకున్నప్పుడు బోర్‌లో బిగుసుకుపోకుండా వెంట్రుకవాసి సందు ఉంచడానికి ఫ్యాక్టరీలో సెట్ చేసి పెయింట్ వేస్తారు. ఐడిల్ చూసుకునేది ఐఏసీ, దాన్ని నడిపేది ఈసీయూ. కార్బురేటర్ రోజుల్లో స్క్రూ తిప్పి స్లో రన్నింగ్ సెట్ చేసేవాళ్లం, ఆ అలవాటు చాలామందికి ఇంకా చేతిలోంచి పోలేదు.

ఇప్పుడు మీ బండి ముందు ఎందుకు ఊగింది, స్క్రూ తిప్పాక ఎందుకు ఆగింది అనేది చూడండి. ఈ ఇంజిన్‌లో లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే మీటర్ లేదు, మ్యానిఫోల్డ్‌లో (థ్రోటల్ నుంచి సిలిండర్లకి గాలి పంచే గొట్టం) ప్రెషర్ ఎంతుందో చెప్పే మ్యాప్ సెన్సార్ ఉంటుంది, దాన్నిబట్టి గాలి లెక్క వేసుకుని పెట్రోల్ కొడుతుంది. అందుకే ఎక్కడో పైపు చిరిగి దొంగ గాలి వస్తే ఆ గాలికి కూడా సరిపడా పెట్రోల్ ఇచ్చేస్తుంది, ఇంజిన్ చక్కగా స్మూత్‌గా రేస్ అవుతుంది. అదే గాలి కొలిచే మీటర్ ఉన్న బండ్లలో దొంగ గాలి లెక్కలోకి రాదు కాబట్టి పెట్రోల్ చాలక వణుకుతాయి, ఆగిపోతాయి. మీ బండి వణక్కుండా రేస్ అవుతోంది కాబట్టే మెకానిక్‌లకి లీక్ అన్న అనుమానం రాలేదు.

దొంగ గాలి వచ్చి రేస్ పెరగ్గానే ఈసీయూ ఐఏసీని మూస్తుంది. కానీ ఐఏసీ గాలి ఇవ్వగలదు, తగ్గించగలదు, వేరే చోట నుంచి వచ్చేదాన్ని ఆపలేదు కదా. అది పూర్తిగా మూసేసినా రేస్ దిగకపోతే ఈసీయూ చూసేదేంటంటే, కాలు యాక్సిలరేటర్ మీద లేదు (థ్రోటల్ పొజిషన్ సెన్సార్ చెబుతోంది), ఆర్పీఎం మాత్రం ఎక్కువుంది, అంటే బండి ఏ దిగుడులోనో గేర్‌లో దిగుతోంది అనుకుని పెట్రోల్ కట్ చేస్తుంది. ముల్లు పడుతుంది. పడగానే మళ్లీ పెట్రోల్ ఇస్తుంది. మళ్లీ లేస్తుంది. మీరు చూసిన ఊగడం అదే.

ఆయన స్క్రూ లోపలికి తిప్పేసరికి ప్లేటు కొంచెం తెరుచుకుంది, సెన్సార్ వోల్టేజీ పెరిగింది, కాలు యాక్సిలరేటర్ మీద ఉందని ఈసీయూ నమ్మింది, కట్ చెయ్యడం మానేసింది. ఊగడం పోయింది, రేస్ ఉండిపోయింది. జబ్బు అలాగే ఉంది, దాన్ని చూపించే గుర్తు పోయింది. నా లెక్క ప్రకారం మీ బండిలో రెండు ఉన్నాయి, మొదట్నుంచీ ఉన్న ఒక లీకు, దాని మీద ఈ స్క్రూ. స్క్రూ ఇప్పుడే కదపకండి. ముందు లీకు పట్టుకోవాలి.

పాతబండి_ప్రేమి
అన్నా సూపర్‌గా చెప్పారు, నాకు ఇన్నేళ్లలో హంటింగ్ (ముల్లు ఇలా ఊగడం) ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసింది. లీక్ పట్టడానికి మా ఊళ్లో ఒకాయన అగరబత్తి వెలిగించి పైపుల దగ్గర తిప్పేవాడు, పొగ ఎటు లాగితే అటు లీకు. బెజవాడ గారు అది ట్రై చెయ్యొచ్చు.

ఆటోనగర్_అబ్బాయ్
దయచేసి వద్దు. పాత బండి, ఇంజెక్టర్ ఓ-రింగులు ఎలా ఉన్నాయో తెలీదు, పెట్రోల్ ఆవిరి ఉండే చోట నిప్పు పెట్టకూడదు. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూడటం కూడా వేడి సైలెన్సర్ మ్యానిఫోల్డ్ పక్కన ప్రమాదమే, నేను షెడ్డులో మంటలు లేవడం కళ్లారా చూశాను. ఇంట్లో చేసుకునేవాళ్లకి రెండే చెప్తాను. ఒకటి, ఒక గజం పొడవు సన్న రబ్బరు పైపు తీసుకుని ఒక చివర చెవి దగ్గర, రెండో చివర అనుమానం ఉన్న చోట్ల తిప్పడం (ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా), లీకు దగ్గర బుస్స్ మని వినపడుతుంది. రెండు, మ్యానిఫోల్డ్‌కి వెళ్లే ఒక్కో పైపునీ గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కి మూసి ముల్లు చూడటం.

డల్లాస్_తెలుగు
నాది వేరే అనుభవం, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. నేను అమెరికా వచ్చిన కొత్తలో కొన్న మొదటి కారు 1994 హోండా సివిక్, చాలా పాతబడ్డాక కొన్నాను. వేడెక్కాక కూడా 1500, ఒక్కోసారి ఊగేది. ఆ జనరేషన్ సివిక్‌లో థ్రోటల్ బాడీ కింద ఒక మైనం వాల్వ్ ఉంటుంది, కూలంట్ వేడికి మైనం ఉబ్బి గాలి దారి మూసేస్తుంది. నా కారులో రేడియేటర్ మార్చినప్పుడు సిస్టమ్‌లో గాలి ఉండిపోయింది, వేడి నీళ్లు ఆ వాల్వ్ దాకా రావట్లేదు, ఇంజిన్ వేడెక్కినా ఆ వాల్వ్ చల్లగానే ఉంది. నేను అనవసరంగా సెకండ్‌హ్యాండ్ ఐఏసీ కొని మార్చాను, ఏం తేడా రాలేదు. చివరికి బ్లీడ్ బోల్టు వదులు చేసి గాలి తీసి కూలంట్ నింపితే అదే రోజు సెట్ అయింది. అందుకే ఆటోనగర్ అన్న నీళ్ల గురించి అడగ్గానే నాకు గుర్తొచ్చింది. ముందు రేడియేటర్ చూడండి బ్రో.

బెజవాడ_ఎస్టీమ్
ఆదివారం మొత్తం బండి దగ్గరే ఉన్నాను, నాన్న కూడా కుర్చీ వేసుకుని కూర్చుని ముల్లు చూసి అంకెలు చెప్పారు. వరసగా రాస్తున్నా.

రేడియేటర్‌లో ఒక అర లీటరు తక్కువ ఉంది, నింపి గాలి బుడగలు పోయేదాకా నడిపాను, ఐడిల్‌లో తేడా లేదు. టెంపరేచర్ సెన్సార్ ప్లగ్గు తీసి రెసిస్టెన్స్ కొలిచాను, పొద్దున చల్లగా 1.9 కిలో ఓమ్స్, వేడెక్కాక 350 ఓమ్స్. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే పెద్ద పైపు తీసి, థ్రోటల్ ప్లేటు ముందు ఐఏసీకి గాలి పోయే కన్నాన్ని ఇంజిన్ నడుస్తుండగా వేలితో మూశాను, ముల్లు 1700 నుంచి 1700 కే, అసలు కదల్లేదు. బ్రేక్ బూస్టర్ పైపు నొక్కితే తేడా లేదు. పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని ఒక వాల్వ్ ద్వారా మ్యానిఫోల్డ్‌కి పంపేది) నొక్కితే తేడా లేదు. మ్యాప్ సెన్సార్‌కి వెళ్లే సన్న పైపు పగుళ్లు లేవు. థ్రోటల్ పొజిషన్ సెన్సార్ వోల్టేజీ కాలు తీసేసినప్పుడు 1.08 ఉంది.

చెవి పైపుతో విన్నాను, మ్యానిఫోల్డ్ వెనక వైపు ఎక్కడో బుస్స్ అంటోంది కానీ ఎక్కడో తెలీట్లేదు, లోపల చెయ్యి పట్టట్లేదు.

ఆటోనగర్_అబ్బాయ్
శెభాష్, మీ నాన్నగారికి కూడా చెప్పండి, మంచి పని చేశారు. టెంపరేచర్ సెన్సార్ ఓకే, చల్లగా రెండు వేల ఓమ్స్ దగ్గర, వేడికి మూడొందల చుట్టూ ఉండాల్సిందే, అలాగే ఉంది. వేలు పెడితే కదల్లేదు అంటే ఐఏసీ ఇప్పటికే మూసుకుని ఉంది, అది నిర్దోషి. ఏసీ వేసినా రేస్ పెరగకుండా పడిపోయింది అన్నారే, అది కూడా ఇక్కడికే సరిపోతుంది, ఆర్పీఎం కావాల్సినదానికన్నా ఎలాగూ ఎక్కువుంది కాబట్టి ఐఏసీ తెరవాల్సిన అవసరమే రాలేదు. మోటార్ డబ్బులు మిగిలాయి మీకు.

ఒక్క ప్రశ్న. పీసీవీ పైపు ఎక్కడ నొక్కారు? వాల్వ్ దగ్గరా, మ్యానిఫోల్డ్ దగ్గరా?

బెజవాడ_ఎస్టీమ్
వాల్వ్ దగ్గర అండి, అక్కడే చెయ్యి అందుతుంది.

ఆటోనగర్_అబ్బాయ్
అదే అనుకున్నాను. పైపు మధ్యలో చిరిగి ఉంటే వాల్వ్ వైపు మూసినా చిరుగులోంచి గాలి పోతూనే ఉంటుంది, మ్యానిఫోల్డ్ మొదట్లో నొక్కితేనే ఆగుతుంది. ఏ పైపు అయినా మ్యానిఫోల్డ్‌కి వీలైనంత దగ్గరగా నొక్కాలి, ఇది నేను ముందే చెప్పాల్సింది. ఇంకో మాట, మామూలుగా పీసీవీ పైపు మంచిగా ఉన్న బండిలో వాల్వ్ దగ్గర నొక్కితే ఐడిల్ ఓ 40, 50 అయినా తగ్గాలి. మీకు అసలేం తేడా రాలేదన్నారు, అదే నాకు అనుమానం. ఇంజిన్ ఆపి చల్లారాక ఆ పైపు పూర్తిగా ఊడదీసి వంచి కింది వైపు చూడండి. ఆయిల్ ఆవిరికి రబ్బరు మెత్తబడి, వేడి తగిలే కింది వైపే చీలుతుంది, పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది.

బెజవాడ_ఎస్టీమ్
దొరికింది!!

మ్యానిఫోల్డ్ చివర క్లిప్పు పక్కనే, కింది వైపు దాదాపు రెండు అంగుళాల చీలిక, చేతిలో వంచితే నోరు తెరిచినట్టు తెరుచుకుంటోంది. పైనుంచి నల్లగా నిగనిగలాడుతోంది. వాల్వ్ తీసి ఊపితే టకటక చప్పుడు వచ్చింది, అది బానే ఉన్నట్టుంది అయినా పాతదని అది కూడా కొత్తది వేశాను. స్పేర్ పార్ట్స్ షాపుకి పాత ముక్క తీసుకెళ్లి అదే సైజు ఆయిల్ తట్టుకునే పైపు తెచ్చాను. వేసి స్టార్ట్ చేస్తే వేడెక్కాక 1250. బుస్స్ శబ్దం పోయింది. మిగిలిన 400 స్క్రూదేనా?

ఆటోనగర్_అబ్బాయ్
స్క్రూదే. ఇప్పుడు వేలు టెస్ట్ మళ్లీ చేసినా కదలదు చూడండి, ఐఏసీ ఇంకా పూర్తిగా మూసుకునే ఉంటుంది. ఇంజిన్ ఆపి ఇలా చెయ్యండి: ముందు స్క్రూ ఇప్పుడు ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి, వెనక్కి రావాలంటే దారి ఉండాలి కదా. తర్వాత లాక్ నట్ వదులు చేసి, స్క్రూ కొన లీవర్‌ని వదిలేసేదాకా వెనక్కి తిప్పండి, ప్లేటు పూర్తిగా మూసుకుంటుంది. అక్కణ్నుంచి నెమ్మదిగా లోపలికి, స్క్రూ కొనకీ లీవర్‌కీ మధ్య సన్న కాగితం ముక్క పెట్టి, అది పట్టుకున్న చోట ఆపి కాగితం తీసేసి, ఇంకో పావు చుట్టు. చేత్తో థ్రోటల్ తెరిచి వదిలితే ఎక్కడా పట్టుకోకుండా టక్‌మని మూసుకోవాలి. పట్టుకుంటే ఇంకొంచెం లోపలికి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కదలకుండా చూసుకోండి. తర్వాత టీపీఎస్ (థ్రోటల్ పొజిషన్ సెన్సార్) వోల్టేజీ చూడండి, 1.08 నుంచి తగ్గాలి.

క్లీనింగ్ విషయం కూడా చెప్తాను, థ్రోటల్ బోర్ లోపల సాండ్ పేపర్ గానీ వైర్ బ్రష్ గానీ ఎవర్నీ వాడనివ్వొద్దు. ప్లేటు అంచు దగ్గర అరిగితే సందు పెరుగుతుంది, దాన్ని మళ్లీ తగ్గించలేం, అప్పుడు మొత్తం థ్రోటల్ బాడీయే మార్చాలి.

బెజవాడ_ఎస్టీమ్
చేశాను. టీపీఎస్ 0.72 కి వచ్చింది. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఉంచి పెట్టాను. వేడెక్కాక ఐడిల్ 850, ఏసీ వేస్తే ఒక్క క్షణం పడి 950 దగ్గర నిలబడుతోంది. నాన్న ఒక రౌండ్ వేసొచ్చి ఏమీ అనకుండా బండి దిగి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు, చాలు నాకు.

కానీ ఒక చిన్న డౌట్ మిగిలింది. రాత్రి గుంటూరు హైవే మీద వెళ్లొచ్చి టోల్ దగ్గర ఆగితే 1200 ఉంది, కాసేపు ట్రాఫిక్‌లో నిలబడితే మళ్లీ 850. టెంపరేచర్ ముల్లు హైవే మీద బాగా కిందకి పోతోంది.

ఆటోనగర్_అబ్బాయ్
థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే వాల్వ్) తీసేసి ఉంటారు. విప్పి చూడండి.

వరంగల్_800
కరెక్టే అన్నా, మా దిక్కు కూడా అందరు గదే చేస్తరు. ఒక్కసారి ఓవర్‌హీట్ అయితే చాలు, మన ఎండలకి వాల్వ్ అక్కర్లేదని తీసి పడేస్తరు. ఎండాకాలం తెల్వదు, చలికాలం రాత్రి రోడ్డెక్కితే ఇంజిన్ వేడెక్కనే వేడెక్కదు, చల్లగుందనుకొని పెట్రోల్ ఎక్కువ కొడ్తది, రేస్ ఎక్కువ పెడ్తది. మా బావ జెన్‌ల అట్ల నాలుగేండ్లు నడిచింది, మైలేజీ రాలేదు రాలేదు అని ప్లగ్గులు మార్చిండు, ఫిల్టర్లు మార్చిండు, ఆఖరికి థర్మోస్టాట్ పెట్టినంక తేలింది.

బెజవాడ_ఎస్టీమ్
హౌసింగ్ విప్పాను, లోపల ఖాళీ. ఎప్పుడు తీశారో నాన్నకి కూడా గుర్తులేదు. కొత్తది, గ్యాస్కెట్‌తో సహా వేశాను, కూలంట్ కూడా పూర్తిగా మార్చి సరైన మిక్స్ పోశాను. ఇప్పుడు హైవే మీద కూడా ముల్లు మధ్యకి కొంచెం కిందే స్థిరంగా ఉంటోంది.

కాకినాడ_క్వాలిస్
మంచి థ్రెడ్ అండి. నాది క్వాలిస్ డీజిల్, ఏసీ ఆపినా రేస్ 1100 దగ్గరే ఉంటోంది. నేను కూడా గాలి పైపులు నొక్కి చూడాలా?

ఆటోనగర్_అబ్బాయ్
మీకు ఆ పద్ధతి కుదరదండి. డీజిల్‌లో రేస్ నిర్ణయించేది గాలి కాదు, పంపు ఇచ్చే డీజిల్. మీరు పంపు మీద లీవర్ చూడండి, ఏసీ వేసినప్పుడు దాన్ని కొంచెం లాగే చిన్న వాక్యూమ్ డయాఫ్రమ్ ఉంటుంది. ఏసీ ఆపినా అది వెనక్కి రాకుండా ఉండిపోతోందేమో, లేదా దానికి వాక్యూమ్ ఇచ్చే స్విచ్ వాల్వ్ మూసుకోవట్లేదేమో చూడండి. ఆ సన్న పైపు పీకేస్తే ఐడిల్ దిగిందా, తప్పు అక్కడే. దిగకపోతే యాక్సిలరేటర్ కేబుల్, లీవర్ స్ప్రింగ్. పంపు సీలు మాత్రం ఎవరినీ కదపనివ్వొద్దు.

కాకినాడ_క్వాలిస్
పైపు పీకగానే 800 కి వచ్చేసింది అండి! వాల్వ్ వెతుకుతున్నాను. ధన్యవాదాలు.

పాతబండి_ప్రేమి
బెజవాడ గారూ, మైలేజీ ఎంత వస్తోందిప్పుడు? ఆ పీసీవీ పైపుకి మామూలు నీళ్ల పైపు వేస్తే నడుస్తుందా, మా టౌన్‌లో అదే దొరుకుతోంది.

బెజవాడ_ఎస్టీమ్
రెండు ట్యాంకులు చూశాను, 14.5 వస్తోంది. నీళ్ల పైపు వెయ్యొద్దండి, ఆయిల్ ఆవిరికి ఉబ్బి మెత్తబడిపోతుంది, లోపలికి నొక్కుకుపోతుంది కూడా. ఆయిల్ లేదా ఫ్యూయల్ పైపు అని అడగండి, మందంగా ఉన్నది, పాత ముక్క చేత్తో పట్టుకెళ్తే లోపలి సైజు కొలిచి ఇస్తారు. రెండు వైపులా కొత్త క్లిప్పులు వేయండి, పాత క్లిప్పులు పట్టు వదిలేసి ఉంటాయి.